పెట్టె తీసేసినా తగ్గని పవర్

పోయిన వారం మనం షెడ్డు ముందు నుంచి లేచి వచ్చేసరికి రోలర్లు ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. పరీక్ష లారీ మీద అమర్చిన ఆ రోలర్ల మధ్య, ట్యాక్సీ డ్రైవర్ల సంఘం ప్రెసిడెంటు గారి పాత తెల్లకారు ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా వంద కిలోమీటర్ల వేగంతో పరిగెత్తింది. మామగారు పదకొండేళ్ళు కిందా మీదా పడి తయారుచేసిన వోల్టేజ్ స్టెబిలైజర్ పెట్టె బిగించక ముందు ఇంజను బలం అరవై ఎనిమిది హార్స్‌పవర్. బిగించాక డెబ్బై నాలుగు! డ్రైవర్లు ఈలలు వేశారు. సంఘంలో ఉన్న రెండొందల నలభై కార్లకూ పెట్టెలు పెట్టించేద్దామని ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే ప్రకటించబోయారు.

మామగారు కాసిన పందెం కూడా గుర్తుండే ఉంటుంది. "నా పెట్టె వల్ల ఇంజనుకి బలం రాకపోతే, ముప్ఫై ఏళ్ళుగా ఉన్న ఆ బోర్డు నా చేతులతో నేనే దించేస్తా" అని నలుగురిలో నోరు జారారు. షెడ్డు నుదుటి మీద 'మేస్త్రి ఆటో ఎలక్ట్రికల్స్' అని ఎర్రక్షరాలు ఉన్న బోర్డు అది. ఆయనను ఊళ్ళో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఇక బోర్డుకి భయం లేదు, అంతా శుభం అనుకుంటున్న సమయంలో ఆయన కోడలు చెయ్యెత్తి "ఒక్క నిమిషం" అంది. ఆ ఒక్క నిమిషం కోసం మిమ్మల్ని వారం రోజులు కూర్చోబెట్టినందుకు ఎన్ని తిట్లు తిట్టుకున్నారో ఏమో, ఇక తిట్టుకోకండి, చెప్పేస్తున్నాను.

"పెట్టె తీసేసి ఇంకొక్కసారి పరిగెత్తిద్దాం" అంది కోడలు.

డ్రైవర్లంతా ఆమెను మీటరమ్మ అంటారు. చంకలో మల్టీమీటరు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన ఆర్నెల్లకే మామగారి దగ్గర వైరింగు పని నేర్చుకుని, ఏడో ఏడాదికి ఆయనకే సలహాలు చెప్పే స్థాయికి వచ్చింది.

"ఇంకా ఎందుకమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఆరు గుర్రాలు ఎక్కువొచ్చాయి. కళ్ళారా చూశాం కదా."

"రేపు మీవాళ్ళలోనే ఎవరో ఒకరు, ఆరోజు టైర్లలో గాలి మార్చారు, పెట్రోలు మార్చారు అంటారండీ. పెట్టె తీయగానే మళ్ళీ అరవై ఎనిమిదికి పడిపోయిందనుకోండి, ఇక నోరెత్తే మనిషి ఉండడు."

పిచ్చితల్లి! అనుమానం ఉండి అడగలేదామె. పెట్టె మీద కొండంత నమ్మకం ఉండి అడిగింది. మామగారైతే ఉబ్బితబ్బిబ్బయిపోయారు. "విన్నారా? నా కోడలు! తియ్యమ్మా, తియ్యి, వీళ్ళ అనుమానాలన్నీ ఇవాళే తీరిపోవాలి" అని ఆయనే పక్కకి జరిగి దారిచ్చారు.

ఆమె బ్యాటరీ దగ్గర ఎర్రవైరు, నల్లవైరు విప్పి, అన్నం డబ్బా అంత ఉన్న ఆ పెట్టెను తెచ్చి పనిబల్ల మీద పెట్టింది. రోలర్ల ఇంజనీరు కార్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. లారీకి తగిలించిన తెర మీద అంకెలు పైకి ఎక్కుతుంటే డ్రైవర్లంతా ఒక్క గొంతుతో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"అరవై ఆరు! అరవై ఏడు! అరవై ఎనిమిది!"

అక్కడ ఆగాలి. ఆగలేదు.

"అరవై తొమ్మిది" అన్నవాళ్ళు సగం మంది. "డెబ్బై ఒకటి" అన్నవాళ్ళు నలుగురు. డెబ్బై నాలుగు దగ్గర అంకె నిలబడేసరికి లెక్కపెట్టే గొంతు ఒక్కటీ లేదు. ఇంజనీరు కూడా కిటికీలోంచి తల బయటపెట్టి, తెర వంక రెండుసార్లు చూసుకున్నాడు.

"మేస్త్రి గారూ" అని గుంపులోంచి ఒక డ్రైవరు పిలిచాడు. "పెట్టె బల్ల మీద ఉంది, పవరు బండిలో ఉంది. మధ్యలో వైరేదండీ?"

జనం పగలబడి నవ్వారు. మామగారి మొహం కందగడ్డయింది. "నవ్వకండి! పెట్టె ఒకసారి నేర్పిందంటే ఇంజను అంత తేలిగ్గా మర్చిపోదు" అనేశారు. ఆ మాటకి నవ్వు రెట్టింపయింది. ఇంజనుకి ట్యూషన్ చెప్పారా మేస్త్రీ అని ఒకడు, మా బండికి కూడా చదువు చెప్పండి అని ఇంకొకడు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. అడగకపోతే పోయేది కదా, నా నోటికి తాళం ఎందుకు పడలేదు అని తనను తాను తిట్టుకుంటూ మామగారి వైపు చూసింది. ఆయన కంగారు పడినప్పుడల్లా చేసే పనే చేస్తున్నారు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన గరుకు కాగితం ముక్క తీసి, విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పుతున్నారు. ఆ కాగితం మడతల్లో ఆకుపచ్చ బూడిద ఉంది. బ్యాటరీ మొనల మీద పేరుకునే చిలుము అది. పొద్దున లేని చిలుము!

ఆమెకు విషయం తట్టింది.

ముప్ఫై ఏళ్ళలో మామగారు బ్యాటరీ మీద చెయ్యి వేసి ఈ పని చేయని రోజు లేదు. ముందు రెండు మొనలూ తళతళలాడేదాకా గీకుతారు. తర్వాత నల్లవైరును వేలితో తడుముకుంటూ, అది ఇంజను ఒంటికి కలిసే బోల్టు దాకా వెళ్తారు. దాన్ని విప్పి, కింది తుప్పు గీకి, మళ్ళీ బిగిస్తారు. భోజనానికి కూర్చునే ముందు చేతులు కడుక్కున్నట్టు ఆ పని జరిగిపోతుంది. చేసినట్టు ఆయనకే గుర్తుండదు. ఏడేళ్ళుగా పక్కనే ఉండి చూస్తున్న ఆమెకూ ఆనదు. ఈ పొద్దున పెట్టె బిగించే ముందు కూడా ఆయన చేతులు ఆ పని చేసే ఉంటాయి. ఇంజను నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి వచ్చే దారి అదొక్కటే. పాత కార్లలో ఆ దారి తుప్పుతో సగం మూసుకుపోయి ఉంటుంది. దాన్ని శుభ్రం చేస్తే ఆరు గుర్రాలేం ఖర్మ, చచ్చిన బండి కూడా లేచి కూర్చుంటుంది.

"పోనీ ఇంకో బండి మీద చూద్దామా మేస్త్రి గారూ?" అన్నారు ప్రెసిడెంటు గారు. పెద్దమనిషి, మామగారిని అలా చూడలేకపోయారు. "అదిగో, మావాడి ఎర్రబండి ఉందిగా. దానికి బిగించండి. అది కూడా పెరిగితే నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తా."

ఎర్రబండికి మామగారు పెట్టె బిగిస్తే పవర్ పెరుగుతుంది. కచ్చితంగా పెరుగుతుంది. ఆమె నోరు మెదపకుండా ఉంటే చాలు, సంతకం పడుతుంది, బోర్డు నిలబడుతుంది, మామగారు మళ్ళీ మీసం మెలేస్తారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఈ మాట ఆమె మనసులో ఒకటికి మూడుసార్లు తిరిగింది. మూడోసారి తిరిగేసరికి చంకలో మీటరు బరువుగా తోచింది.

ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లిగా అంది, "మామయ్యా, ఈసారి నేను బిగిస్తా. మీరు చేతులు వెనక్కి పెట్టుకోండి."

"ఎందుకూ?"

"ఆ జేబులో కాగితం ఎందుకో, అందుకే."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అన్నారు, "అంటే పదకొండేళ్ళ నా కష్టం ఒక గరుకు కాగితం ముక్కంటావా అమ్మాయ్?"

"అనట్లేదు. చూద్దామంటున్నా."

"ఇంట్లో చూడొచ్చుగా! నలుగురిలోనా? నా పరువు ఏం కాను?"

"మీటరు పెట్టి చూడకుండా మాట్లాడొద్దని నాకు నేర్పింది మీరు మామయ్యా. ఎవరున్నారు, ఎవరు లేరు అని చూసుకోమని మాత్రం నేర్పలేదు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి, అయినా చూపు దించలేదు. మామగారు ఆమె వంక చూశారు, బోర్డు వంక చూశారు, కాగితాన్ని పనిబల్ల మీదకు విసిరికొట్టారు. ఆ తర్వాత చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అందరికీ వినపడేలా అరిచారు, "బిగించు! చూస్తా నేను కూడా!"

ఎర్రబండి రోలర్ల మీదకు ఎక్కింది. ముందుగా పెట్టె లేకుండా డెబ్బై ఒకటి. కోడలు బోల్టూ ముట్టలేదు, మొనా గీకలేదు, ఉన్నదాని మీదే పెట్టె తగిలించింది. మామగారి చేతులు ఉండబట్టలేక రెండుసార్లు ముందుకొచ్చాయి, రెండుసార్లూ ఆయనే వెనక్కి లాక్కున్నారు. ఇంజనీరు గేరు మార్చాడు.

డెబ్బై ఒకటి. అంకె అక్కడే కూర్చుంది, వీసమెత్తు కదల్లేదు.

"పెట్టె తియ్యి" అన్నారు మామగారు.

బల్ల మీది కాగితం ఆయనే తీసుకున్నారు. బానెట్ కింద తల దూర్చి, ఎవరినీ చూడకుండా, మొనలు గీకారు, బోల్టు విప్పారు, తుప్పు గీకారు, బిగించారు. మొదటిసారిగా ఆ పని చేస్తున్నట్టు ప్రతిదీ చూసుకుంటూ చేశారు. బయటికి వచ్చి "ఊఁ" అన్నారు. ఇంజను మళ్ళీ గర్జించింది.

డెబ్బై ఆరు.

ఈసారి ఎవరూ ఈల వేయలేదు. వేయాలో వద్దో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామగారు మాత్రం తెర మీది అంకెను పైకి ఒకసారి చదివి, చొక్కా మీద దుమ్ము దులుపుకుని, "నిచ్చెన తెండి" అన్నారు.

"మేస్త్రి గారూ, ఏంటండీ ఇది!" ప్రెసిడెంటు గారు అడ్డం పడ్డారు. "పవరు కావాలన్నాం, పవరు వచ్చింది. పెట్టెతో వచ్చిందా, కాగితంతో వచ్చిందా మాకెందుకు? మా రెండొందల నలభై బండ్లూ మీరే గీకండి!"

"పందెం పెట్టె మీద కాశాను ప్రెసిడెంటు గారూ, కాగితం మీద కాదు."

మాట ఇస్తే ఇచ్చినట్టే, ఆ మొండితనం ముందు ఎవరి ఆటలూ సాగవు. నిచ్చెన తనే తెచ్చుకుని, స్పానర్ నోట కరుచుకుని ఎక్కేశారు. లోపలి నుంచి అత్తగారు పరిగెత్తుకొచ్చి నిచ్చెన కాళ్ళు పట్టుకున్నారు.

"వంటింట్లో కుళాయి కారుతోంది, కాస్త బిగించండి అంటే మూడేళ్ళ నుంచి తీరిక లేదు. బోర్డు ఊడదీయడానికి మాత్రం ఎంత హుషారో చూడండి" అన్నారావిడ. గొంతులో వెటకారం ఉంది కానీ, కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మొదటి బోల్టు ఊడింది. రెండోది తుప్పు పట్టి మొరాయించింది, ఆయన దాని మీద కసి తీర్చుకున్నారు. మూడోది కూడా వచ్చేసింది. బోర్డు ఒక మూల నుంచి జారి, మిగిలిన ఒక్క బోల్టు మీద వేలాడింది. కింద నిలబడ్డ కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఈ పాపం నాదే, ఏదైనా దొరకాలి, ఏదో ఒకటి దొరకాలి అని బుర్ర చించుకుంటుంటే, ఉన్నట్టుండి దొరికేసింది.

"మామయ్యా, ఆగండి! మన బండి! మన బండికి మీరు గీకలేదు!"

స్పానర్ ఆగింది.

"మీరు పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన రోజు ఆయన బండికి నేనే పెట్టె బిగించాను" అంటూ ఆమె మాట మీద మాట తోసుకుంటూ చెప్పింది. ఆయన అంటే ఆమె భర్త. ఏడుగురు కూర్చునే ట్యాక్సీ నడుపుతాడు. "అది మొన్న కొన్న బండి, వైర్లన్నీ కొత్తవే. మీటరు పెట్టి చూశాను, ఎక్కడా తుప్పు లేదు. అందుకే గీకలేదు, ఏ బోల్టూ ముట్టలేదు. ఉత్త పెట్టె బిగించానంతే. అంతకుముందు ఆ బండి లైట్లు మిణుకుమిణుకుమనేవి, బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజను గజగజ వణికేది. పెట్టె పెట్టగానే రెండూ ఆగిపోయాయి! నీ చేతిలో ఏదో మాయ ఉందన్నారాయన!"

"మరి ముందే చెప్పవేం!" మామగారి కేకకి నిచ్చెన ఊగింది. "విన్నారా? తుప్పు లేదు, కాగితం లేదు, ఉత్త పెట్టె! నా పెట్టె పని చేస్తుంది!"

డ్రైవర్లకి కావలసింది కూడా అదే. ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. "బోర్డు బిగించండి మేస్త్రీ" అని అరుపులు. అత్తగారు నిచ్చెన వదిలేసి కోడలిని కౌగిలించుకున్నారు. మామగారు నిచ్చెన మీదే స్పానర్ గాల్లో తిప్పుతూ చిందులు వేశారు. కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. ఆనందం అంటే ఏమిటని ఆ క్షణాన ఎవరైనా అడిగితే, ఒక్క బోల్టు మీద వేలాడే బోర్డు వైపు వేలు చూపించేది.

ఇంజనీరు ఒక్కడు నవ్వలేదు. లారీ మీది నుంచి దిగివచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు. "కొత్త వైర్లు, తుప్పు లేదు అంటున్నారు. మరి లైట్లు ఎందుకు మిణుకుమన్నాయండీ?"

"అదే, కరెంటులో ఎగుడుదిగుళ్ళు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

ఎగుడుదిగుళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? బండి నడుస్తుంటే కరెంటు తయారుచేసేది ఆల్టర్నేటర్. దాని లోపల కరెంటును ఒక్కవైపే పోనిచ్చే డయోడ్లలో ఒకటి కాలిపోతే కరెంటు అలలు అలలుగా వస్తుంది. లైట్లు మిణుకుమంటాయి, ఇంజను వణుకుతుంది. పెట్టె ఆ అలల మధ్య పల్లాలు పూడుస్తుంది. అంతే తప్ప కాలిపోయినదాన్ని బాగుచేయదు. బరువంతా మిగతా డయోడ్ల మీద పడుతుంది, అవి ఒకదాని వెనుక ఒకటి కాలుతూ పోతాయి. ఆరోజు మీటరులో పద్నాలుగు వోల్టులు కనపడగానే ఆమె సంతోషపడిపోయింది. మీటరు మీది మరను ఏసీ వైపు ఒక్క మెట్టు తిప్పి ఉంటే ఆ అలలు కనపడేవి. పెట్టె మీది నమ్మకంతో తిప్పలేదు. లైట్లు కుదురుకోగానే పెట్టె గొప్పదనం అనుకుంది.

"మామయ్యా" అంది. "మంచి బండికి మీ పెట్టె ఏమీ చేయదు. జబ్బు బండికే చేస్తుంది. జ్వరం తగ్గించదు, పైకి కనపడకుండా చేస్తుంది. ఆయన బండిలో ఆల్టర్నేటర్ చచ్చిపోతోంది."

మామగారి చేతిలో స్పానర్ తిరగడం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ పనివాడు, రెండోసారి చెప్పించుకోలేదు. "వాడెక్కడున్నాడు?" అన్నారు.

"ఘాట్ రోడ్డు మీద. వాలీబాల్ ఆడే ఆడపిల్లల్ని, ఆరుగురిని, ఎక్కించుకుని కొండ దిగి వస్తున్నారు. మధ్యాహ్నం నుంచి కొండ మీద వానట, పొగమంచట."

లైట్లు, వైపర్లు, అద్దాల మీది ఆవిరి పోగొట్టే ఫ్యాను. అన్నీ ఒకేసారి కరెంటు తాగుతూ ఉంటాయి. ఎవరూ పైకి అనలేదు కానీ, అక్కడున్న ప్రతి డ్రైవరూ ఆ లెక్క మనసులో వేసుకున్నాడు.

"ఆ బండి స్టీరింగు మామూలుదా, కరెంటుదా?" అన్నాడు ఇంజనీరు.

"కరెంటుదే."

"అయితే వోల్టేజ్ పడిపోగానే ముందు స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆ తర్వాత ఇంజనే ఆగిపోతుంది. అది కూడా ఎక్కువసేపు పట్టదు."

మామగారు మెట్లు దిగలేదు, నాలుగో మెట్టు మీది నుంచి దూకేశారు. "ప్రెసిడెంటు గారూ, మీ బండి తాళాలు! ఇవాళ దానికి డెబ్బై నాలుగు గుర్రాలు!" అని అరుస్తూ, షెడ్డులోకి పరిగెత్తి ఒక పాత ఆల్టర్నేటర్ భుజాన వేసుకున్నారు. నలుగురు డ్రైవర్లు ఎవరి కార్ల వైపు వాళ్ళు ఉరికారు. కోడలు ఫోను నొక్కింది. ఒకసారి మోగి ఆగింది. రెండోసారి కలవలేదు. మూడోసారి వాన చప్పుడుతో పాటు భర్త గొంతు వినపడింది, ఎప్పటిలాగే హుషారుగా.

"ఏంటోయ్, గెలిచారా? నాన్న బోర్డు నిలబడిందా?"

"ముందు బండి ఆపండి! ఎక్కడుంటే అక్కడ ఆపేయండి!"

"ఆపేదేంటి, ఇది మంచి దిగుడు, మలుపుల్లో ఉన్నాను. వెనకాల పిల్లలు పాటలు పాడుతున్నారు, వినపడుతోందా? కంగారేం లేదు, నువ్వు పెట్టిన పెట్టె బ్రహ్మాండంగా ఉంది, బండి పట్టు మీద నడిచినట్టు పోతోంది. ఇందాకటి నుంచి స్టీరింగే కాస్త బరువుగా తిరుగుతోంది, అంతే."